గేదెకు ఐసునీళ్ళు

తారు కరిగి చెప్పులకు అంటుకునే నెలలో కూడా ఊళ్ళో ఒకే ఒక్క మనిషి స్వెట్టరు వేసుకుని తిరుగుతుంది. అందుకే ఆమెకు స్వెట్టరమ్మ అని పేరు పడిపోయింది. కన్నతండ్రి కూడా అసలు పేరు మరిచిపోయినట్టే ఉన్నాడు. వాళ్ళది ఐసు ఫ్యాక్టరీ. తెల్లారి ఐదింటికి లోపలికి వెళ్ళి, అచ్చుల్లోంచి దిమ్మలు ఊడదీసి, రంపంతో కోసి, చేపల లారీలకు ఎక్కించేసరికి పదవుతుంది. లోపల ఎముకలు కొరికే చలి, బయట మాడు పగిలే ఎండ. రోజుకు ఇరవైసార్లు ఆ గుమ్మం దాటే మనిషి. స్వెట్టరు తీసి, వేసుకుని, మళ్ళీ తీసి విసుగెత్తి, చివరికి తీయడమే మానేసింది.

వయసు ఇరవై ఎనిమిది. చేతులు మొరటు, మాట చురుకు. పద్దెనిమిదో ఏటినుంచి ఐసు లారీ తనే తోలుతుంది. అటూ ఇటూ జానెడు చోటు లేని సందులో కూడా లారీని వెనక్కి నడిపి గోడకు ముద్దుపెట్టినట్టు ఆపగలదు.

తండ్రి ఆమెకు నేర్పిన విద్య ఒక్కటే, ఐసు కరక్కుండా చూడడం. దిమ్మకూ దిమ్మకూ మధ్య వేలు దూరిందంటే ఆయన దృష్టిలో అది నేరం. సందుంటే గాలి చేరుతుంది, గాలి చేరితే ఐసు నీరవుతుంది. ఒకసారి లారీ దారిలో చెడిపోయి సగం సరుకు కరిగిపోతే ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, ఇంట్లో ఎవరో పోయినట్టు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆ సోమవారం పదిన్నరకు బావ వచ్చాడు. అక్క మొగుడు, కార్ల మెకానిక్కు, బొద్దు మనిషి. పలకరింపు లేదు, పాడూ లేదు. తిన్నగా చల్లగదిలోకి వచ్చి ఒక దిమ్మ మీద కూలబడ్డాడు.

"లే బావా! ఐసు మీద కూర్చుంటావేంటి? అసలే నీది వేడి ఒళ్ళు, మధ్యాహ్నానికి నా దిమ్మ బిందెడు నీళ్ళవుతుంది."

"అవనీ. నా బతుకే నీళ్ళయిపోయింది."

"మళ్ళీ రెండో రౌండేనా?"

బావ అవునన్నట్టు తలాడించాడు.  బావకు ఒక కారుంది. నల్లగా, వెడల్పుగా, నాలుగు తలుపులతో, పాతికేళ్ళ వయసున్న కారు. ఎవరు పెట్టారో గానీ దానికి 'గేదె' అని పేరు. ఊరి చివర, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద నెలకో ఆదివారం పందేలు జరుగుతాయి. రెండేసి కార్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చలైటు వెలిగాక నాలుగు వందల మీటర్లు ఎవరు ముందు దాటితే వాళ్ళది గెలుపు. ఓడిన కారు ఇంటికి, గెలిచిన కారు తర్వాతి రౌండుకు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గేదె చిరుతలా దూకుతుంది. ఎండెక్కేసరికి నిజంగానే గేదె అయిపోతుంది.

"దాని రోగం ఏంటో నాకు తెలుసే," అన్నాడు బావ. "టర్బో ఉంది కదా, ఇంజన్లోకి గాలి కుక్కేది. సైకిలు పంపు గబగబా కొడితే గొట్టం పట్టుకున్న చెయ్యి కాలుతుందా లేదా? అట్లాగే గాలిని కుక్కినకొద్దీ కాగిపోతుంది. కాగిన గాలి పల్చబడిపోతుంది. ఇక ఇంజనేం చేస్తుంది? ఊపిరాడక ఈడుస్తుంది. నిన్న రెండో రౌండులో లోపలికి పోయే గాలి ఎంతుందో తెలుసా? డెబ్భై ఎనిమిది డిగ్రీలు!"

"మరి చల్లార్చుకోవచ్చుగా?"

"ముందు జాలీ ఉందిగా, ఇంటర్‌కూలరు. బయటి గాలి తగిలి లోపలి గాలి చల్లారాలి. కానీ బయటి గాలే నలభై రెండు డిగ్రీలుంటే, అది చల్లార్చేదేముంది, ఓదార్చడం తప్ప."

స్వెట్టరమ్మ రంపం పక్కన పెట్టింది. బుర్రలో ఏదో మెదిలితే ఆమెకు ముక్కు కొస దురద పెడుతుంది. ఇప్పుడు పెట్టింది.

"గాలితో కాకుండా నీళ్ళతో చల్లార్చే రకం ఉండదా?"

"ఉంది. నా షెడ్డులోనే మూల పడి ఉంది, గుద్దేసిన కార్లోంచి ఊడదీసింది. దాని పొట్టలో నీళ్ళు తిరుగుతాయి. కానీ ఆ నీళ్ళూ కాగుతాయిగా!"

"ఐసునీళ్ళయితే?"

బావ దిమ్మ మీదనుంచి లేచాడు. లేచి ఆమెకేసి చూశాడు, చుట్టూ నాలుగు గోడల ఎత్తున పేర్చి ఉన్న ఐసుకేసి చూశాడు, మళ్ళీ ఆమెకేసి చూశాడు.

"ఆరేళ్ళుగా ఇక్కడికొచ్చి ఏడుస్తున్నాను," అన్నాడు నెమ్మదిగా. "మందుల షాపులో కూర్చుని తలనొప్పని ఏడ్చినట్టుంది నా పని."

"అయితే నాదో షరతు."

ఆ షరతేమిటో బావకు తెలుసు. రెండేళ్ళుగా చెవిలో జోరీగలా అదే పాట. ప్రాక్టీసు రోజుల్లో గేదెను పదిహేనుసార్లు తోలింది, బావకంటే పిసరంత తక్కువ టైములో కూడా ఒకసారి తెచ్చింది. కానీ పందెం రోజున స్టీరింగు ఇమ్మంటే మాత్రం ఆయనకు చెముడొచ్చేది.

ఆ సాయంత్రం అక్క ఎదుటే బావ దగ్గర మాట తీసుకుంది. అక్క బళ్ళో లెక్కల టీచరు. గేదె ప్రతి పరుగు టైమూ, ఎండా, గాలి వేడీ ఒక గళ్ళ నోటుబుక్కులో రాసిపెడుతుంది. మొగుడు ఆవేశంలో ఏమన్నాడో అదీ రాస్తుంది.

"సరేనే! నీ ఐసుతో ఈ గేదె పన్నెండు సెకన్ల లోపు పరిగెత్తిందనుకో, ఫైనల్లో స్టీరింగు నీదే. నేను బయట నిలబడి చప్పట్లు కొడతా. చాలా?"

గేదె జన్మలో పన్నెండు లోపు పరిగెత్తలేదు. ఎంత చల్లటి పొద్దునైనా పన్నెండున్నర, కలిసొస్తే పన్నెండూ ముప్ఫై. అందుకే బావ అంత ధైర్యంగా అన్నాడు.

అక్క కళ్ళద్దాలు సర్దుకుని రాసుకుంది. "చప్పట్లు కూడా రాయనా అండీ?"

"రాయి, రాయి."

తర్వాతి పందెం దాకా నెలంతా ఇద్దరూ షెడ్డులోనే. పక్కసీటు పీకేసి, ఆ చోట అల్యూమినియం పెట్టె బిగించారు. కొలిచి, కోసి, అతికించింది బావ. చుట్టూ థర్మోకోలు పలకలు కట్టింది స్వెట్టరమ్మ. పెట్టె కిందినుంచి ఒక మోటారు నీళ్ళు లాగి ఇంటర్‌కూలరుకు పంపుతుంది. అక్కడ వేడి మోసుకున్న నీళ్ళు ఇంకో గొట్టంలో పెట్టెకు తిరిగి వస్తాయి. గొట్టం ఎక్కడ కారుతుందో వెతుకుతూ ఇద్దరూ కారు కింద పడుకుని పోట్లాడుకుంటుంటే, పక్క షెడ్డువాళ్ళు టీ తాగుతూ విని ఆనందించేవారు.

"ఆ బిగించడం ఏంటి బావా? పసిపిల్ల బుగ్గ గిల్లినట్టు!"

"నువ్వు బిగిస్తే బోల్టు తెగుతుందే, నీవి చేతులా పట్టకార్లా?"

పందెం ఆదివారం పొద్దున్నే ఐసు కోసుకుని బయల్దేరుతుంటే తండ్రి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కడికీ కదలడు. పందెం సంగతి చెబితే కారుకు ఐసేంటని పెద్ద పురాణం ఎత్తుతాడని, 'ఒక పార్టీకి సరుకు' అని మాత్రమే చెప్పింది.

"ఎంత దూరం?"

"రన్‌వే దాకా నాన్నా."

"ఎండ చూశావుగా. కరక్కుండా చేర్చు."

"నువ్వు చెప్పాలా?"

*

మొదటి రౌండు ఎనిమిదింటికి. ఇంకా చల్లగానే ఉంది, ఐసు అక్కర్లేదన్నాడు బావ. పన్నెండూ ముప్ఫై నాలుగు సెకన్లలో దాటాడు. అవతలి కారు చాలా వెనకబడింది. అక్క నోటుబుక్కులో రాసుకుంది.

పదకొండింటికి రెండో రౌండు. అప్పటికి రన్‌వే పెనం అయిపోయింది. దూరాన ఉన్న లైట్ల స్తంభం నీళ్ళలో నీడలా వణుకుతోంది. ఏ పందెంలోనైనా గేదె కూలబడేది ఇక్కడే.

స్వెట్టరమ్మ పెట్టె మూత తీసి, పొద్దున ప్రత్యేకంగా కోసుకొచ్చిన దిమ్మను దించింది. అచ్చు పెట్టె కొలతకు కోసిన దిమ్మ. నలువైపులా వేలు కాదు, కాగితం కూడా దూరదు. పైన మిగిలిన చోట ఐసు పొడి వేసి, మడమతో తొక్కినట్టు అరచేత్తో దట్టించింది. గొట్టాలు నిండేలా నాలుగు చెంబుల నీళ్ళు పోసి మూత బిగించింది. మూత మీద స్వెట్టరు తీసి కప్పింది. నాన్న చూస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేంత బాగా సర్దింది.

"ఇక పో బావా! నీకు చలి జ్వరం రాకపోతే నన్నడుగు."

లైట్లు వెలిగాయి. గేదె అరిచింది, దూకింది. మొదటి వంద మీటర్లు బాగానే ఉరికి, ఆ తర్వాత పాత రోగమే. గొంతు మారిపోయింది, ఈడ్పు మొదలయింది. స్తంభం మీద అంకెలు పడ్డాయి. పన్నెండూ డెబ్భై ఒకటి.

నిజానికి ఆ పరుగులో ఓడిపోవాలి. కానీ అవతలి కుర్రాడు పచ్చలైటు పడకుండానే తొందరపడి దూకేశాడు, ఎర్రలైటు పడింది, అతను అవుట్. గేదె బతికిపోయింది.

బావ తిరిగి వచ్చాడు. మొహం ఇంజనుకంటే వేడిగా ఉంది.

"అరవై ఒకటి డిగ్రీలు! డెబ్భై ఎనిమిది ఎక్కడ, అరవై ఒకటి ఎక్కడ అంటావేమో, ఈ పెట్టె బరువు ఎంతో తెలుసా? పక్కన లావుపాటి అత్తగారిని కూర్చోబెట్టుకుని పరిగెత్తినట్టుంది! పీకేస్తున్నా."

"ఆగు బావా, నా ఐసులో తప్పు లేదు. కావాలంటే చూడు!"

ఆమె స్వెట్టరు లాగేసి మూత తీసింది. పైనున్న ఐసు పొడి పక్కకు తోస్తే, కింద దిమ్మ పెట్టినది పెట్టినట్టుంది. మూలలు కూడా మొద్దుబారలేదు. అద్దంలా మెరుస్తోంది.

"చూశావా? ఇంత ఎండలో, ఇంజను పక్కన, ఇంతసేపున్నా పిసరు కరగలేదు! ఇంతకంటే బాగా ఎవరైనా..."

అంటూ అంటూ ఆగిపోయింది.

నోరు తెరిచే ఉంది. చెయ్యి దిమ్మ మీదే ఉంది. ముక్కు కొస దురద పెడుతోంది.

"కరగలేదు," అంది మళ్ళీ, ఈసారి ఎవరో చెంప మీద కొట్టినట్టు. "బావా, కరగలేదు!"

"అదేగా గొప్పగా చెబుతున్నావు."

"అయ్యో నా బుద్ధి గడ్డకట్టిపోనూ! కరగాలి బావా! ఐసు వేడి తాగితేనే కరుగుతుంది. కరగలేదంటే వేడి తాగలేదనేగా! నీ గాలి వేడంతా ఎక్కడికి పోయినట్టు? ఎక్కడికీ పోలేదు!"

దిమ్మను కాస్త పైకెత్తి అడుగున వేలితో తడిమి చూసింది. తిరిగొచ్చే గొట్టం దగ్గర్నుంచి మోటారు గొట్టం దాకా దిమ్మ అడుగున ఒక్క కాలువ, చిటికెన వేలంత లావున, సొరంగంలా చెక్కుకుపోయి ఉంది. వేడినీళ్ళు ఆ సొరంగంలోంచి దొంగల్లా దూరి, ఐసుకు తగలకుండా మళ్ళీ ఇంజను దగ్గరికే పోయాయి. పక్కనే అంత ఐసు కొండలా కూర్చుని చూస్తూ ఊరుకుంది.

"పదేళ్ళుగా ఐసును కాపాడీ కాపాడీ, ఇక్కడ కూడా కాపాడేశాను," అంది ఏడవలేక నవ్వుతూ. "చేపల కోసం సర్దినట్టు సర్దాను. నువ్వేమో నా సర్దుడుకు బలైపోయావు."

అక్క నోటుబుక్కులోంచి తలెత్తింది. "ఇప్పుడేం చేస్తావు?"

"దీన్ని ఎంత తొందరగా కరిగించగలనో అంత తొందరగా కరిగిస్తా. ఆ సుత్తి ఇటివ్వు."

*

మూడో రౌండుకు గంటన్నర ఉంది. చుట్టుపక్కల కార్లవాళ్ళు పని మానేసి చూడడం మొదలుపెట్టారు. ఐసు ఫ్యాక్టరీ పిల్ల ఐసును బద్దలుకొడుతోంది! కోడిగుడ్డంత ముక్కలు, నిమ్మకాయంత ముక్కలు. ముక్క పగిలినప్పుడల్లా ఆమెకు నరం లాగినట్టవుతోంది. పదేళ్ళ అలవాటు మరి, చెయ్యి ఒప్పుకోవడం లేదు. అయినా కొట్టింది. బావ ఈలోపు తిరిగొచ్చే గొట్టాన్ని అడుగునుంచి పీకి పెట్టె పైకి మార్చాడు. చివర మూసేసి, పొడవునా చిల్లులు పొడిచాడు. ఇప్పుడు వేడినీళ్ళు పూలమొక్కలకు చల్లినట్టు ఐసంతటి మీదా పడి, ముక్కల సందుల్లోంచి జారి, చల్లబడి అడుగుకు చేరతాయి. మోటారు అక్కడినుంచి లాగుతుంది.

పెట్టెలో సగానికి నీళ్ళు పోశారు, పైన ముక్కలు వదిలారు. అవి గలగలమంటూ తేలాయి. స్వెట్టరమ్మకు ఆ చప్పుడు వింటేనే ఒళ్ళు జలదరించింది, చిన్నప్పుడు నాన్న ఆ చప్పుడు వినబడితే 'ఎవర్రా తలుపు తీసి ఉంచింది?' అని అరిచేవాడు.

"ఇంకోటి బావా. మోటారు ఎప్పుడు వేస్తున్నావు?"

"పచ్చలైటు ముందు. బ్యాటరీ దిగిపోతుందని."

"బ్యాటరీ నెత్తిన పెట్టుకుంటావా! వరసలో నిలబడ్డప్పుడే వెయ్యి. ముందు ఆ ఇనుమంతా చల్లబడాలి. కాలే మూకుట్లో చల్లనీళ్ళు పోస్తే నీళ్ళు కాగుతాయా, మూకుడు చల్లారుతుందా?"

"నాకు ఇంజన్లు నేర్పుతున్నావే!"

"ఇంజన్లు కాదు, చలి నేర్పుతున్నా. కూర్చో."

ఒంటిగంటకు గేదె మళ్ళీ గీత దగ్గరికి వచ్చింది. నలభై మూడు డిగ్రీల ఎండ. మైకాయన "గేదె వచ్చిందండోయ్, బురద గుంట ఉందా?" అని అరిచాడు, జనం నవ్వారు.

పచ్చలైటు.

ఈసారి అరుపే వేరు. అక్క తర్వాత చెప్పింది, ఆ చప్పుడు వినగానే చేతిలో పెన్ను దానంతటదే జారిపోయిందని. వంద మీటర్లు దాటింది, గొంతు మారలేదు. రెండు వందలు దాటింది, ఇంకా లాగుతోంది. మూడు వందల దగ్గర ఎప్పుడూ కూలబడే చోట, గేదె వెనక్కాళ్ళ మీద లేచినంత పని చేసింది. జనం నవ్వు ఆపి నిలబడ్డారు.

స్తంభం మీద అంకెలు. పదకొండూ తొంభై నాలుగు.

స్వెట్టరమ్మ ఎగిరి గంతేసింది. ఎగిరి దిగుతూ అక్క కాలు తొక్కింది. అక్క "అమ్మో" అని అరిచి, అదే ఊపులో చెల్లెలిని కావలించుకుంది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి ఇద్దరికీ చేతులు కలిపి వెళ్ళాడు.

బావ తిరిగొచ్చాడు. ఇంజను ఆపాడు. స్టీరింగు మాత్రం వదల్లేదు.

"ఇరవై నాలుగు డిగ్రీలు!" అన్నాడు. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. "బయట నలభై మూడు, లోపలికి పోయేది ఇరవై నాలుగు. ఇది కారు కాదే, విమానం."

"దిగు బావా."

బావకు మళ్ళీ చెముడొచ్చింది. స్టీరింగు మీద లేని దుమ్ము తుడిచాడు. "చూడు మరదలా, ఫైనలు ఎవరితో తెలుసుగా, టైర్లాయనతో. వాడు మామూలోడు కాదు. ఆరేళ్ళుగా ఈ రోజు కోసం... నా పక్కనే కూర్చుందువు గానీ..."

"పక్కన సీటేదీ? పెట్టె ఉంది."

"ఏమండీ," అంది అక్క. గొంతు పెంచలేదు. బళ్ళో వెనక బెంచీని లేపే గొంతు అది. నోటుబుక్కు తెరిచి చదివింది. "సోమవారం, సాయంత్రం ఆరూ పది. 'పన్నెండు సెకన్ల లోపు పరిగెత్తిందనుకో, ఫైనల్లో స్టీరింగు నీదే. నేను బయట నిలబడి చప్పట్లు కొడతా. చాలా?' ఇంకో సంగతి. పేర్లిచ్చే కాగితంలో డ్రైవర్లుగా ఇద్దరి పేర్లూ రాశాను. అధికారులు సంతకం కూడా పెట్టేశారు."

"ఎప్పుడు రాశావు?"

"మీరు బోల్టులు వెతుక్కుంటున్నప్పుడు."

 బావ చేతులు స్టీరింగు మీదనుంచి ఒక్కో వేలే ఊడిరావడం స్వెట్టరమ్మ చూసింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఎందుకో జాలి కూడా వేసింది. గేదె ఇంజనులో ప్రతి మరా ఆ వేళ్ళతోనే బిగించాడు. అయినా ఆమె పక్కకు జరగలేదు.

బావ దిగాడు. దిగి, తన హెల్మెట్టు ఆమె తలకు తనే పెట్టి పట్టీ బిగించాడు. గట్టిగా బిగించాడు.

"పసిపిల్ల బుగ్గ గిల్లినట్టు కాదు కదా?" అన్నాడు.

*

టైర్లాయన టైర్ల కొట్టు నడిపే తాడిచెట్టంత మనిషి, అతనిది పడవంత కారు. దానికి టర్బో లేదు, పెద్ద ఇంజను, ఎండకు అంతగా బెదరదు. అందుకే అతనికో అలవాటు. గీత దగ్గరికి ఎప్పుడూ రెండోవాడిగా వస్తాడు. వచ్చేముందు టైర్లు వేడిచేసుకుంటాడు, అద్దం సర్దుకుంటాడు, చేతి తొడుగు తీసి మళ్ళీ వేసుకుంటాడు. ఈలోపు టర్బో కార్లు ఎండలో నిలబడి ఉడికిపోతాయి. నియమాల ప్రకారం తప్పు పట్టడానికి లేదు. బావను మూడుసార్లు అట్లాగే ఉడికించి ఓడించాడు.

మూడింటికి గేదె గీత దగ్గర నిలబడింది. పక్క గీత ఖాళీ.

పెట్టెలో కొత్త ముక్కలు నింపి, స్వెట్టరమ్మ మోటారు వేసే ఉంచింది. ముందు డాష్‌బోర్డు మీద గాలి వేడి చూపే అంకె. పద్నాలుగు. బయట రన్‌వే పొగలు కక్కుతోంది. వెనక టైర్లాయన టైర్లు తిప్పుతున్నాడు, తెల్లటి పొగ.

పదహారు.

ఎడమచెయ్యి పెట్టె మూత మీద పెట్టింది. ఇంజను మోతలో చెవులకేమీ వినబడదు, కానీ అరచేతికి తెలుస్తోంది. లోపల ముక్కలు మూతకు తగులుతున్నాయి. టక టక టక టక. అవి ఎన్నున్నాయో, ఎంతెంతున్నాయో ఆ చేతికి చెప్పక్కర్లేదు. పదేళ్ళుగా ఐసును తడిమి బతికిన చెయ్యి. సగానికి పైగా ఉంది. ఫరవాలేదు.

టైర్లాయన అద్దం సర్దుకుంటున్నాడు.

పంతొమ్మిది. టక, టక, టక.

బావ కంచె అవతల రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. చప్పట్లు మరిచిపోయాడు. అక్క వాచీ చూస్తోంది.

టైర్లాయన చేతి తొడుగు తీశాడు.

'తియ్యి నాయనా, తియ్యి,' అనుకుంది స్వెట్టరమ్మ. 'ఇంకోటి కూడా తియ్యి. నా ఐసు ఎంతుందో నాకు తెలుసు, నీ ఓపిక ఎంతుందో చూద్దాం.'  పైకి మాత్రం కిటికీలోంచి అతనికేసి చూసి, తీరిగ్గా, పొరుగింటి పిన్నిని పలకరించినట్టు చెయ్యూపింది.

టైర్లాయన చెయ్యి ఆగింది. గేదె బానెట్టు అంచులకు సన్నగా మంచు చెమట పట్టి నీటిబొట్లు కారుతుండడం అప్పుడు చూశాడతను. ఉడుకుతున్న కారుకు చెమట పట్టదు. తొడుగు గబగబా వేసుకుని, కారును ముందుకు ఉరికించాడు. ఆ కంగారులో గీత దాటి వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ సర్దుకోవాల్సి వచ్చింది.

ఇరవై రెండు. టక. టక.

లైట్ల స్తంభం మీద పసుపు.

టక.

పసుపు.

అరచేతి కింద ఇక ఏమీ తగల్లేదు. ఆఖరి ముక్క అయిపోయింది. ఈ క్షణం నుంచి నీళ్ళు వేడెక్కుతాయి. పన్నెండు సెకన్లు చాలు. పన్నెండు సెకన్లు నిలబడితే చాలు.

పచ్చ.

ఎడమచెయ్యి స్టీరింగు మీదికి ఎప్పుడొచ్చిందో ఆమెకు తెలియదు. గేదె ఆమెను సీటుకేసి కొట్టింది. హెల్మెట్టుతో సహా తల వెనక్కి వాలింది. పక్కన పడవంత కారు ముక్కు అరగజం ముందుంది. గేరు. అది అట్లాగే ఉంది. గేరు. గేదె గొంతు తగ్గలేదు, పెరుగుతోంది, నిండుగా ఊపిరి పీల్చుకున్న మనిషి అరిచినట్టు అరుస్తోంది. రెండు వందలు. పడవ ముక్కు పక్కకొచ్చింది. మూడు వందలు. పక్క కిటికీలో టైర్లాయన మొహం ఒక్క క్షణం కనబడింది, పళ్ళు బిగించి ఉంది. తర్వాత కనబడలేదు. అద్దంలో తప్ప.

గీత దాటాక కూడా ఆమె అరుస్తూనే ఉంది. ఏమని అరిచిందో ఆమెకే గుర్తులేదు.

పదకొండూ ఎనభై ఎనిమిది. పక్కది పదకొండూ తొంభై మూడు.

కారు ఆగేలోపే బావ పరిగెత్తుకుంటూ వచ్చేశాడు. అంత పొట్టతో ఆ దూరం పరిగెత్తగలడని అక్కకు కూడా అప్పటిదాకా తెలియదు. రొప్పుతూ, కిటికీ పట్టుకుని, రెండు చేతులూ ఎత్తి ఆమె మొహం ముందు చప్పట్లు కొట్టాడు. నోటుబుక్కులో రాసుంది కదా, లెక్క తప్పకూడదు. తర్వాత టైర్లాయన కూడా వచ్చాడు. గేదె చుట్టూ ఒకసారి తిరిగి, కారుతున్న నీటిబొట్టును వేలితో తాకి చూశాడు.

"ఏసీ గ్యాసు పెట్టావా?" అన్నాడు.

"ఐసన్నా. మా ఫ్యాక్టరీది."

స్వెట్టరమ్మ పెట్టె మూత తీసింది. లోపల ముక్క లేదు. పిసరు లేదు. నీళ్ళలో చెయ్యి పెట్టింది, చలువ పోయి గోరువెచ్చగా అవుతున్నాయి. ఆ నీళ్ళు చూసి ఆమె మొహం చాటంత అయింది. దోసిలి నిండా తీసి బావ మొహాన కొట్టింది. బావ తుడుచుకోలేదు.

అప్పుడే ఫోను మోగింది. నాన్న.

"సరుకు చేరిందా?"

"చేరింది నాన్నా."

"ఎండ మంటెత్తిపోతోంది. ఎంత కరిగింది?"

"మొత్తం కరిగింది నాన్నా!" అని అరిచింది. "ఒక్క ముక్క లేదు! మొత్తం నీళ్ళే! అసలేమీ మిగల్లేదు నాన్నా!"

అవతల నాన్న గోడకేసి చూస్తూ ఉండి ఉంటాడు.

"కరిగిందని చెప్పడానికి అంత సంతోషం ఏంటే?" అన్నాడు చివరికి. "పార్టీ ఏమంటున్నాడు?"

తడిసిన మొహంతో, నెత్తిమీద ఆమె స్వెట్టరు వేసుకుని గేదె చుట్టూ గిరగిరా తిరుగుతున్న బావకేసి స్వెట్టరమ్మ చూసింది.

"వచ్చే నెల రెండు దిమ్మలు కావాలట నాన్నా," అంది.